బంగారు తోటలో బంతిపువ్వు గాజు

వాన వెలిసిన సాయంత్రం పెట్రోలు బంకు ముందు తడి రోడ్డును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నల్లటి తారు మీద ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులు మెలికలు మెలికలుగా తిరుగుతుంటాయి. చెప్పుతో కదిపితే చెదిరిపోతాయి. ఆ రంగుల్ని చెదరనివ్వకుండా పట్టి, ఓ గ్లాసుకో నీళ్ల కూజాకో పూలు పెట్టుకునే పాత్రకో అతికించేస్తే..?

అతికించేశారు! అదీ వందేళ్ల కిందటే. దాని పేరు కార్నివాల్ గ్లాస్. పేరు కొత్తగా అనిపించొచ్చు కానీ వస్తువు కొత్తది కాదు. అమ్మమ్మగారి అద్దాల బీరువాలో పై అరన, పెళ్లిలో వచ్చిన స్టీలు గిన్నెల వెనకాల, ఎవరూ ముట్టుకోకుండా ఉంచిన నారింజ రంగు గ్లాసుల జోడు ఒకటి గుర్తు చేసుకోండి. ఎండ పడితే బంగారంలా, పక్కకు తిప్పితే నెమలికంఠంలా కనిపించేవి. 'పగులుతాయి, ముట్టుకోకు' అని చెయ్యి మీద చిన్న దెబ్బ కూడా పడి ఉంటుంది. అవే కావచ్చు.

వాటి కథ చెప్పుకోవడానికి హైదరాబాద్‌లో కంచన్‌బాగ్‌ను మించిన చోటు లేదు. ఎందుకో వినండి.

లోహాల ఊళ్లో...

చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్‌ల మధ్య ఉన్న కంచన్‌బాగ్ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది గాజు కాదు, లోహం. కంచన్ అంటే బంగారం, బాగ్ అంటే తోట. పేరుకు బంగారు తోటే అయినా ఇక్కడ పండేది బంగారం కన్నా గట్టి సరుకు. రక్షణ రంగానికి లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌లో మొదలైంది 1963లో. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970లో, మిశ్రలోహాల కర్మాగారం మిశ్ర ధాతు నిగమ్ 1973లో ఏర్పడ్డాయి. మిశ్ర ధాతు నిగమ్ అంటే ఆటోవాలా బుర్ర గోక్కుంటాడు. 'మిధాని' అంటే చాలు, మీటరు తిప్పుతాడు. 1982లో అబ్దుల్ కలాం డైరెక్టరుగా వచ్చిన డీఆర్‌డీఎల్ కూడా ఈ గోడల వెనకాలే ఉంది. ఒవైసీ ఆసుపత్రి కూడలి మీదుగా 2021లో ప్రారంభించిన ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

ఆ ఫ్లైఓవర్ మీది నుంచి చూస్తే పొడవాటి ప్రహరీలు, ముళ్లకంచెలు, గోడల వెనక చెట్లు. లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ ఆ గోడల పక్కనే క్వార్టర్లున్నాయి. చుట్టూ ఉద్యోగులు, రిటైరైనవాళ్లు కట్టుకున్న ఇళ్లున్నాయి. దేశం నలుమూలల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ట్రంకు పెట్టెల్లో తమ ఊరి సామానూ తెచ్చుకున్నారు. బెంగాలీల కంచు, కేరళవాళ్ల ఉరుళి, ఉత్తరాదివాళ్ల గాజు గ్లాసులు. ఇలాంటి కాలనీల్లో షోకేసులు చూస్తే భారతదేశ పటం చూసినట్టే ఉంటుంది.

ఆదివారం పొద్దున పాత సామాన్లవాడి తోపుడు బండి ఈ వీధుల్లోకీ వస్తుంది. గేటు దగ్గర జరిగే బేరం అన్ని ఊళ్లలోనూ ఒకటే.

"ఇనుముంటే తీసుకుంటానమ్మా. ఇత్తడుంటే ఇంకా మంచిది."

"గ్లాసులున్నాయి, పాతవి."

"గాజా? వద్దమ్మా, బండి మీద పగిలి చెయ్యి కోసుకుంటుంది. దానికేమొస్తుంది?"

లోహానికి ధర ఉంది, కాటా ఉంది. గాజుకు రెండూ లేవు. అందుకే కార్నివాల్ గ్లాసు చాలా ఇళ్లలో బీరువాలో నుంచి నేరుగా చెత్తబుట్టలోకి వెళుతుంది. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకు ఇచ్చినప్పుడో, భోగికి ఇల్లు దులిపినప్పుడో.

తమాషా ఏమిటంటే, చెత్తబుట్టలో పడే ఆ రంగుకూ గోడ అవతలి పరిశోధనకూ దగ్గరి చుట్టరికం ఉంది.

రంగు లేని రంగు

డబుల్ షేడ్ పట్టుచీర చూశారుగా. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. అందుకే కొంగు కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. అక్కడ నిజంగానే రెండు రంగుల దారాలున్నాయి. కార్నివాల్ గాజులో అలా కాదు. మీద కనిపించే ఇంద్రధనుస్సులో ఒక్క చుక్క రంగు కూడా కలపలేదు!

అచ్చులో పోసి నొక్కిన గ్లాసు ఇంకా ఎర్రటి వేడి మీద ఉండగానే దాని మీద ఇనుము, తగరం లాంటి లోహాల లవణాల ద్రావణం చిమ్ముతారు. నీరు ఆవిరైపోతుంది. లోహం ఆక్సైడ్‌గా మారి గాజును పొరలా పట్టుకుంటుంది. ఆ పొర మందం తల వెంట్రుకలో కొన్ని వందల వంతు. వెలుగు పడినప్పుడు కొంత పొర పైభాగం నుంచి, కొంత పొర అడుగు నుంచి వెనక్కి తిరిగొస్తుంది. ఈ రెండూ దారిలో కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, కొన్ని బలపడతాయి. బలపడిన రంగే మన కంటికి. పొర మందం మారినా, మనం చూసే కోణం మారినా రంగు మారిపోతుంది. సబ్బు బుడగ మీదా, తడి రోడ్డు మీదా జరిగేది ఇదే. కాకపోతే అవి క్షణంలో పోతాయి. గాజు మీద నిలిచిపోతుంది.

ఇప్పుడు టైటానియం దగ్గరికి రండి. కంచన్‌బాగ్‌కు ఈ లోహంతో విడదీయలేని బంధం. టైటానియం స్పాంజి తయారీ పరిజ్ఞానం డీఎంఆర్‌ఎల్‌ది. దాని ఆధారంగానే కేరళలోని చవరలో 2011లో కర్మాగారం ప్రారంభమైంది. మిధానిలో టైటానియం మిశ్రలోహాలు తయారవుతాయి. ఈ లోహాన్ని విద్యుత్తు పారే ద్రావణంలో ముంచితే పైన ఆక్సైడ్ పొర పెరుగుతుంది. పది పదిహేను వోల్టులిస్తే ఇత్తడి ఛాయ. ముప్పై దగ్గర నీలం. అరవై దగ్గర మళ్లీ పసుపు. వంద సమీపంలో ఆకుపచ్చ. రంగు వెయ్యలేదు, పొర మందం మార్చారంతే. విరిగిన ఎముకలకు డాక్టర్లు బిగించే టైటానియం స్క్రూలు కొన్ని నీలంగా, బంగారు రంగులో ఉండేది ఇందుకే. సైజు తేలిగ్గా గుర్తుపట్టడానికి.

వెల్డింగ్ చేసేవాళ్లకైతే ఈ రంగు అలంకారం కాదు, తీర్పు. టైటానియం అతుకు వెండిలా మెరిస్తే పాసు. లేత గడ్డి రంగు వచ్చినా ఫర్వాలేదు. ముదురు నీలం, ఊదా తేలాయంటే గాలి సోకిందని అర్థం. అతుకు పనికిరాదు. పల్లెల్లో కమ్మరులకూ ఈ చదువు తెలుసు. కొడవలికి పదును పెట్టేటప్పుడు కాలిన ఉక్కు మీద గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరసగా పాకుతుంటాయి. ఏ రంగు దగ్గర నీళ్లలో ముంచాలో అనుభవం చెబుతుంది. కాస్త పాతబడిన బుల్లెట్ బండి సైలెన్సర్ గొట్టం వంపు దగ్గర కనిపించే నీలం, పసుపు కూడా ఈ కుటుంబమే.

అంటే లోహం మీద దోషమైన రంగే గాజు మీద అందమైందన్నమాట!

సర్ సీవీ రామన్‌ను కూడా ఈ మెరుపు వదిలిపెట్టలేదు. ముత్యపు చిప్పలు, పక్షి ఈకల రంగుల మీద పరిశోధించిన ఆయన, భూమిలో శతాబ్దాలు పూడి ఉండి పొరలు పొరలుగా మారిన ప్రాచీన గాజు రంగుల మీద కూడా 1940లో పత్రం ప్రచురించారు. అలాంటి గాజుకు ఈ మెరుపు అద్దింది మనిషి కాదు, మట్టి. రాళ్లు, సీతాకోకచిలుకలు పోగుచేయడమన్నా రామన్‌కు ప్రాణం. బెంగళూరులోని ఆయన సంస్థలో ఆ సేకరణ ఉంది. నోబెల్ బహుమతి వచ్చినా షోకేసు సరదా పోలేదు!

పేదవాడి టిఫనీ

ఈ గాజు పుట్టిల్లు అమెరికా. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్‌కు చెందిన లూయిస్ కంఫర్ట్ టిఫనీ మెరుపుల గాజు పాత్రలు చేసి కోటీశ్వరులకు అమ్మేవాడు. ఆ పాత్ర కొనాలంటే మధ్యతరగతివాళ్లు కలలో కొనాల్సిందే. అప్పుడు వెస్ట్ వర్జీనియాలోని ఫెంటన్ సోదరుల కార్ఖానా ఒక ఉపాయం పన్నింది. చేత్తో ఊదే పని లేకుండా అచ్చులో పోసి, మీద లవణాలు చిమ్మి, అదే మెరుపును చవగ్గా తెచ్చింది. 1907లో ఆ సరుకు మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాదే హ్యారీ నార్త్‌వుడ్ అనే మరో తయారీదారు రంగంలోకి దిగాడు. ఇంకేముంది, వంటింటి బల్ల మీద కూడా ఇంద్రధనుస్సే. జనం దీన్ని 'పేదవాడి టిఫనీ' అన్నారు.

1920ల మధ్యకొచ్చేసరికి మోజు తీరిపోయింది. మిగిలిన సరుకును తిరునాళ్లలో గురిచూసి బంతి విసిరే ఆటలకు బహుమతులుగా ఇచ్చేవారని చెబుతారు. కార్నివాల్ అన్న పేరు దానివల్లే వచ్చిందంటారు. అదీ చాలా ఏళ్ల తర్వాత, సేకరించేవాళ్లు పెట్టుకున్న పేరు. 1960లు వచ్చేసరికి సేకర్తల సంఘాలు పుట్టుకొచ్చాయి. ఒకప్పుడు ఊరికే ఇచ్చేసిన పాత్రల్లో అరుదైన వాటికి ఇప్పుడు వేలంలో వేల డాలర్లు పలుకుతున్నాయి. పాపం, ఫెంటన్ కార్ఖానా మాత్రం 2011లో గాజు కొలిమి పని ఆపేసింది.

వెర్రి వెయ్యి విధాలు. ఈ వెర్రికి సొంత భాషే ఉంది. ఊదా రంగు గాజుకు 'అమెథిస్ట్', ఎరుపైతే అందరికీ ఆశ. అన్నింటికన్నా ఎక్కువగా దొరికేది, తెల్ల గాజు మీద ఇనుప లవణం చిమ్మితే వచ్చే నారింజ ఛాయ. దాని పేరు 'మారిగోల్డ్'. అంటే మన బంతిపువ్వే!

గాజులు చేసే ఊరి గాజు

మనవాళ్ల బీరువాల్లో ఉన్నవి చాలావరకు ఈ బంతిపువ్వు రంగువే. వాటి ఊరు అమెరికా కాదు. ఆగ్రాకు నలభై కిలోమీటర్ల దూరంలోని ఫిరోజాబాద్. ఆ ఊరి పేరు తెలియకపోయినా ఆ ఊరి సరుకు వేసుకోని తెలుగింటి ఆడపిల్ల ఉండదు. చేతి గాజులు అక్కడివే. గ్లాసుకూ గాజుకూ ఒకే మాట వాడుకునే మనకు ఈ చుట్టరికం కొత్తగా చెప్పాలా?

ఫిరోజాబాద్‌లో ఛదామీలాల్ జైన్ అనే పారిశ్రామికవేత్త పెట్టిన జైన్ గ్లాస్ వర్క్స్ ఈ మెరుపు గాజును మన దేశంలో పెద్దయెత్తున తయారుచేసింది. ఆ ఊళ్లో 45 అడుగుల బాహుబలి విగ్రహం ఉన్న జైన మందిరం ఆయన కట్టించిందే. గ్లాసులు, కూజాలతో పాటు ఆ కార్ఖానా పూల పాత్రలు కూడా చేసేది. చేప ఆకారంలో ఒకటి, శంకువు పట్టుకున్న మనిషి చెయ్యి ఆకారంలో ఇంకొకటి. ఆ చేతుల్లో కుడి చెయ్యి, ఎడమ చెయ్యి కూడా వేరువేరు. రెండూ దొరికితే సేకర్తకు పండగే.

అమెరికా గాజుతో పోలిస్తే ఈ సరుకు పలచన, తేలిక. మెరుపు కూడా ఒకచోట దట్టంగా, ఇంకోచోట వెలిసినట్టుగా ఉంటుంది. నాణ్యతలో అది తక్కువే, ఒప్పుకోవాలి. కానీ అందులో అచ్చుపడిన తీగలు, పువ్వులు, చేపలు మనవి.

అయితే ఈ గ్లాసుల గురించి మొదట ఆరా తీసింది మనం కాదు. సరుకు ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా సేకర్తల ఇళ్లకు చేరింది. అడుగున 'జైన్' అన్న ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఇదేమిటని వాళ్లు తవ్వడం మొదలుపెట్టారు. గ్లెన్, స్టీఫెన్ థిసిల్‌వుడ్ అనే బ్రిటిష్ దంపతులు కార్నివాల్ గాజు మీద 1998లో ఓ పుస్తకం వెలువరించారు. భారతీయ గాజు మీద కూడా విస్తారంగా రాశారు. ఫిరోజాబాద్ చేపకు లండన్‌లో ఉన్న గుర్తింపు ఆగ్రాలో లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు... పెరట్లో గాజుదీ అదే గతి.

నవాబు గారి గది, గురువారం సంత

కంచన్‌బాగ్ నుంచి సంతోష్‌నగర్, సైదాబాద్, చంచల్‌గూడ మీదుగా వస్తే దారుల్‌షిఫా. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. సేకరణ అనే పిచ్చి పరాకాష్ఠకు చేరితే ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడికి రావాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1914లో దివాన్ పదవి వదిలేశాక, 1949లో కన్నుమూసేదాకా, ఆయన ఆస్తిలో పెద్ద భాగం ఈ వస్తువులకే పోయింది. పెళ్లి చేసుకోలేదు. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరుచుకుంది. ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది.

గంట కొట్టే గడియారం దగ్గర గుంపును దాటుకుని యూరప్ గాజు గదిలోకి వెళ్లండి. బొహీమియా కోత గాజు, వెనిస్ ఊదిన గాజు, ఫ్రాన్స్, ఇంగ్లండ్ పాత్రలు. పిల్లల్ని తీసుకెళితే పాత్రకు ఎదురుగా నిలబెట్టకండి. అటూ ఇటూ నడిపించండి. గాజు రంగు తెలిసేది కదులుతూ చూసినప్పుడే. శుక్రవారం సెలవని మాత్రం మరిచిపోవద్దు.

నవాబులు కొన్నవాటికి మ్యూజియం ఉంది. చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలులో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లను చూడ్డానికి టికెట్ ఉంది. గుమాస్తా ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే దించిన గ్లాసుకు..? దాన్ని దాచాల్సిన మ్యూజియం ఆ ఇల్లే. ఆ ఇంట్లోవాళ్లు మానేస్తే దానికి మరో చోటు లేదు.

బయటకొచ్చిన వస్తువు చేరే చోట్లు పాతబస్తీలో కొన్నున్నాయి. పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమేరాత్ బజార్ వాటిలో మొదటిది. పాత తాళాలు, ఫ్యాన్లు, గ్రామఫోన్ మూతలు, ఒంటి చెప్పులు... వాటి మధ్యలో ఎప్పుడో ఓ గాజు పాత్ర. చార్మినార్ వెనక మహబూబ్ చౌక్ చుట్టూ ఉన్న పాత వస్తువుల దుకాణాలు ఇంకో దారి. అక్కడివాళ్లకు వస్తువు విలువ తెలుసు. మీ మొహం చూసి మీకు ఎంత తెలుసో కూడా తెలుసు! చూపు గ్లాసు మీద ఆగిందని కనిపెట్టారంటే ధర రెట్టింపు. పక్కనున్న ఇత్తడి చెంబును బేరమాడి, 'దీన్నీ వేసెయ్యి భాయ్' అనడం పాత కాపుల ఎత్తు.

కొనేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. గ్లాసును తిరగేసి అడుగున అక్షరాలేమైనా ఉన్నాయేమో చూడాలి. నిలువునా అచ్చు అతుకు గీత కనిపించాలి. మెరుపు అంతా అచ్చుగుద్దినట్టు ఒకే తీరుగా, మరీ తళతళలాడుతూ ఉంటే అనుమానించాలి. గిఫ్ట్ షాపుల్లో దొరికే కొత్త లస్టర్ గాజు కావచ్చు. అంచు వెంట గోరు పోనిస్తే చిన్న పెచ్చు ఊడినా తెలుస్తుంది. కంటికి తెలియదు.

ఇంట్లో ఉన్నవాళ్లకు ఒకటే జాగ్రత్త. ఆ పొర వెంట్రుకలో వందల వంతన్నది గుర్తుందిగా. పీచు, బూడిద, గిన్నెలు తోమే పొడి తగిలితే రంగు గీసుకుపోతుంది. అలా పోయింది మళ్లీ రాదు. చాలా ఇళ్లలో 'నీళ్ల గ్లాసు'గా మిగిలిపోయినవి ఒకప్పుడు బంతిపువ్వులే. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తటి పాత పంచె ముక్క చాలు. సలసలా కాగే టీ పోయొద్దు. ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టొద్దు.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లు ఇంకో మాట వినాలి. నూరేళ్లు దాటిన కళాకృతుల్ని దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఫిరోజాబాద్ సరుకుకు అంత వయసు లేదు కానీ, 1910ల్లో అక్కడి నుంచే వచ్చిన పాత్ర ఏదైనా మీ దగ్గరుంటే అది ఇప్పుడు పుట్టింటికి వెళ్లడం అంత తేలిక కాదు!

ఇంతకీ మీ బీరువాలో ఉన్నది అదో కాదో తేల్చుకోవడానికి కంచన్‌బాగ్ ల్యాబొరేటరీ అక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నరకు పడమటి కిటికీ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పండి. నారింజ మీద మొదట గులాబీ, తర్వాత ఆకుపచ్చ, అంచు దగ్గర సన్నగా నీలం పాకితే ఇంట్లో అందర్నీ పిలవండి. అది ఎవరు తెచ్చారో, ఏ ఊరి నుంచి తెచ్చారో బామ్మగారిని అడిగి ఓ చీటీ మీద రాసి, దాని కిందే పెట్టండి. సేకర్తలు ఆ చీటీకి కూడా విలువిస్తారు.

ఈలోగా వీధిలో పాత సామాన్లవాడి కేక వినిపిస్తే కంగారు పడక్కర్లేదు. అతనికి గాజు వద్దు. నిజానికి ఈ గ్లాసులు కొన్నయినా ఇంకా బీరువాల్లో మిగిలున్నాయంటే ఆ 'వద్దమ్మా' చలవే!